ఎట్ల పెరిగినవ్ బిడ్డా?

డోంగ్లి అంగట్లో బేరం తెలుగులో మొదలై మరాఠీలో తెగుతుంది. మద్నూర్ నుంచి విడదీసి 2022లో మండలం చేసిన ఊరిది. జిల్లా కామారెడ్డి, రెవెన్యూ డివిజన్ బాన్సువాడ. చుట్టూ నల్లరేగడి. సోయా, పత్తి, కంది, మినుము పండుతాయి. పడమటి పొలిమేర దాటితే మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా. దక్షిణంగా పోయి జుక్కల్ దాటితే కర్ణాటక, బీదర్ జిల్లా.

ఈ వైపు తండాల్లోని లంబాడా కుటుంబాలకు ఆ పొలిమేరలు సంబంధాలు కలుపుకోవడానికి ఎన్నడూ అడ్డం రాలేదు. పిల్లనిచ్చింది అటు, తెచ్చుకున్నది ఇటు. ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి, ఇంటిపేర్లూ అవే, పండుగలూ అవే. సర్కారు కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వియ్యంకులు ముగ్గురూ మూడు గడుల్లో పడతారు. తెలంగాణలో ఉన్నాయన షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో ఉన్నాయన షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో ఉన్నాయన విముక్త జాతి.

మొదటి రెండు మాటలు అందరికీ తెలిసినవే. మూడోదే నిలబెట్టి ఆలోచింపజేస్తుంది. విముక్త జాతి అంటే విడుదలైన జాతి. దేని నుంచి విడుదల? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే ఒక పాత చట్టం ఎదురవుతుంది. ముందుకు నడిస్తే, ముద్దాయి పుట్టిపెరిగిన కథ రాసుకోవడానికి నోట్‌బుక్కుతో బయల్దేరే ఇవాల్టి లా విద్యార్థి ఎదురవుతాడు. ఈ రెండు కొసల మధ్య నూరేళ్లకు పైబడిన కథ ఉంది. శిక్ష వేసేముందు మనిషి పుట్టుక గురించి న్యాయస్థానం ఏమడగాలి, ఎందుకడగాలి అన్నదే ఆ కథ.

పుట్టుకే నేరమైన రోజులు

తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదికే పరిమితమైన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక కులాన్నో తెగనో ‘నేరస్థ జాతి’ అని ప్రకటిస్తే చాలు, అందులో పుట్టిన వాళ్ల పేర్లు రిజిస్టరుకు ఎక్కేవి. వేలిముద్రలు తీసుకునేవారు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పిపోవాలి. బాపట్ల దగ్గర 1913లో వెలసిన స్టువర్టుపురం అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టడి చేయడానికి ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ చేత పెట్టించిన సెటిల్‌మెంట్ అది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. ఆ పేరు చుట్టూ తర్వాత సినిమాలొచ్చాయి, సామెతల్లాంటి మాటలొచ్చాయి. సెటిల్‌మెంట్ సంగతి మాత్రం జనం మరిచిపోయారు.

హాజరూ రిజిస్టరూ సంగతి చాలామంది రాశారు. ఆ చట్టంలోని 23వ సెక్షన్ గురించి చెప్పుకున్నది తక్కువ. ప్రకటిత జాతిలో పుట్టినవాడు షెడ్యూలులో చూపిన నేరాలకు రెండోసారి దొరికితే ఏడేళ్లకు తక్కువ కాకుండా జైలు. మూడోసారి దొరికితే యావజ్జీవ ద్వీపాంతరం. ప్రత్యేక కారణాలుంటే జడ్జి తగ్గించవచ్చు, అవి రాసి చూపించాలి. పక్క ఊరివాడు అదే దొంగతనం అన్నిసార్లూ చేస్తే అతని మీద ఈ లెక్క నడవదు. అంటే శిక్ష ఎంతో తేల్చేముందు కోర్టు అడిగిన మొదటి ప్రశ్న ‘ఏ కులం?’ అన్నది. జవాబును బట్టి ఏళ్లు పెరిగేవి.

ఈ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ‘విముక్త’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. చట్టం పోయినా చూపు పోలేదు. రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. జైలు మాన్యువళ్లలో పాత జాతుల ప్రస్తావన దశాబ్దాల పాటు అలాగే నిలిచిపోయింది. ఎవరు వండాలి, ఎవరు ఊడ్వాలి అన్నది కులాన్ని బట్టి పంచే నియమాలూ వాటిలోనే ఉండేవి. పాత్రికేయురాలు సుకన్యా శాంత వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పి ఆ నియమాలను కొట్టేసింది. విముక్తి జరిగిందని చెప్పిన 72 ఏళ్లకు జైలు పుస్తకంలోంచి ఆ గీత చెరిగిందన్నమాట.

పంచ్‌లో కూర్చున్నవాళ్లకు అన్నీ తెలుసు

మరి తెగల లోపలే తప్పు జరిగితే ఏం చేసుకునేవారు? తండాలో నాయక్, కార్‌భారి, పెద్దలు కూర్చుని తేల్చేవారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పటేల్, దేవారి, వాళ్లపైన రాయిసెంటర్, దాని పెద్ద సార్మేడి. ఇవాళ్టికీ ఉట్నూరు వైపు రాయిసెంటర్ కూర్చుందంటే పోలీసు స్టేషను మెట్లెక్కకుండానే చాలా తగాదాలు తెగుతాయి.

జోడేఘాట్‌లో 1940లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకురమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆ ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త మార్లవాయిలో కాపురం పెట్టి గోండుల బతుకును పుస్తకాలకెక్కించాడు. గిరిజన ప్రాంతాలకు వేరే నిబంధనలు కావాలన్న ఆలోచన ఆ తర్వాతే హైదరాబాద్ రాజ్యంలో చట్టరూపం ఎత్తింది. గోండు పంచాయతీ పద్ధతిలో ఒక సంగతి బాగా కనిపిస్తుంది. తప్పు చేసినవాడు దండుగ కడతాడు, కులానికి భోజనం పెడతాడు, ఆ బంతిలో తనూ కూర్చుంటాడు. నలుగురితో కలిసి తిన్నాడంటే మళ్లీ లోపలివాడైనట్టే. వెలివేత కూడా ఉంది. అయితే వెలి తీరి తిరిగి కలిసే దారీ దాని పక్కనే ఉంటుంది.

దీన్ని మరీ మెచ్చుకోవాల్సిన పని లేదు. పంచ్‌లో ఆడవాళ్ల గొంతు వినిపించేది తక్కువ. దండుగ పేరుతో పేదవాడి ఎడ్లు పోయిన సందర్భాలూ ఉంటాయి. పరువు పేరుతో పెద్దలు చెప్పిన తీర్పులు ప్రాణాల మీదికి తెచ్చిన ఊళ్లు ఈ దేశంలో తక్కువేం లేవు. కానీ ఆ పంచ్‌కు ఉన్న ఒక సౌకర్యం జిల్లా కోర్టుకు లేదు. ఎదురుగా నిలబడ్డవాడి తాత ఎవరో, తండ్రి ఎప్పుడు చనిపోయాడో, కరువొచ్చిన ఏడాది ఆ ఇంట్లో ఎవరు వలసపోయారో అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. కథ అడగక్కర్లేదు, కళ్లముందే నడిచిన కథ.

కోర్టులో జడ్జి బదిలీ మీద వచ్చినవాడు. ముద్దాయి భాష ఆయనది కాదు. ఆయన చేతిలో ఉన్నది చార్జిషీటు. అందులో నేరం జరిగిన రోజు నిమిషాలతో సహా ఉంటుంది. దానికి ముందు నడిచిన ముప్పై ఏళ్లు ఉండవు. ఆ ఏళ్లను కోర్టుకు చేర్చే దారి కనిపెట్టడమే ఈ కథలో అసలు ఆవిష్కరణ.

అనమ్మ కేసు

ఆ దారి మొదటి మలుపు మన దగ్గరే ఉంది. సుప్రీంకోర్టు ముందుకు ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక మరణశిక్ష వచ్చింది. ఎడిగ అనమ్మ అనే పల్లెటూరి యువతి ఒక స్త్రీనీ, ఆమె పసిబిడ్డనూ చంపింది. చేసిన పని ఘోరమైనది, అందులో సందేహం లేదు. 1974 ఫిబ్రవరిలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ అప్పీలు తీర్పు రాస్తూ నేరంతో పాటు నేరం చేసిన మనిషినీ చూశారు. వయసు ఇరవై నాలుగు. అత్తవారింటి నుంచి గెంటివేతకు గురైంది. చిన్న కొడుకున్నాడు. ఉరి నీడన రెండేళ్లకు పైగా గడిపింది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చారు.

అప్పటికి అమల్లో ఉన్న 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో శిక్ష గురించి విడిగా వినే ఏర్పాటు లేదు. లా కమిషన్ 1972లో తన 48వ నివేదికలో దాని అవసరం చెప్పింది. కొత్త కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వస్తూ 235(2) అనే సెక్షన్ తెచ్చింది. నేరం రుజువైందని చెప్పాక జడ్జి ఆగాలి. శిక్ష సంగతి మీద ముద్దాయి మాట వినాలి. ఆ తర్వాతే శిక్ష. ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇదే నియమం 258(2)గా ఉంది.

సెక్షన్ వచ్చింది సరే, ఆచరణ ఎలా సాగింది? చాలా కోర్టుల్లో అది ఒక్క ప్రశ్నకు కుదించుకుపోయింది. ‘ఏమైనా చెప్పుకుంటావా?’ బోనులో నిలబడ్డవాడు చేతులు జోడిస్తాడు. ‘ముసలి తల్లి ఉన్నదయ్యా, పిల్లలు చిన్నోళ్లయ్యా.’ రెండు వాక్యాలు రాసుకుని అదే సాయంత్రం శిక్ష. సంతాసింగ్ కేసులో 1976లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది: వినడమంటే నోటిమాట వినడం ఒక్కటే కాదు, మనిషి గురించిన సమాచారం, ఆధారాలు ముందుకు రానివ్వాలి. బచన్‌సింగ్ కేసులో 1980లో రాజ్యాంగ ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది. ఉరి అత్యంత అరుదైన సందర్భాలకే. నేరాన్నీ నేరస్థుణ్నీ రెండింటినీ తూచాలి. మారే అవకాశం ఉందేమో చూడాలి.

చెప్పడం వరకు చెప్పారు. తూకంలో వేయాల్సిన ఆ రెండో సరుకు ఎవరు తెస్తారన్నది ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వం తరఫున ఇచ్చే వకీలుకు ఫీజు తక్కువ, కేసులు ఎక్కువ. ముద్దాయి ఊరు దాకా పోయొచ్చే తీరిక ఆయనకెక్కడిది? ఆ మధ్యలోనే 1975 డిసెంబరు 1న ఆదిలాబాద్ రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను హైదరాబాద్ ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. దేశమంతా అడిగినా ఆ ఉరి ఆగలేదు.

సముద్రాలవతల ఒక పేరు

ఇదే చిక్కుముడి కెనడాలో మరో రకంగా పడింది. అక్కడి ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయి చర్చి బడుల్లో పెట్టి, సొంత భాష మాట్లాడితే కొట్టిన చరిత్ర నూరేళ్లకు పైగా నడిచింది. దాని పంట జైళ్లలో కనిపించింది. 1997 నాటికి జనాభాలో మూడు శాతం ఉన్న ఆదివాసులు ఫెడరల్ జైళ్లలో పన్నెండు శాతం ఉన్నారు.

యూకాన్‌లో 1992లో జడ్జి బ్యారీ స్టువర్ట్ ఒక పని చేశాడు. ఫిలిప్ మోజెస్ అనే యువకుడికి శిక్ష నిర్ణయించే రోజు, కోర్టు హాల్లో బల్లలు తీయించి కుర్చీలను గుండ్రంగా వేయించాడు. జడ్జి, వకీళ్లు, పోలీసు, కుటుంబం, తెగ పెద్దలు అందరూ ఒకే వలయంలో కూర్చున్నారు. మన గూడెంలో పంచ్ కూర్చున్నట్టే. అతని ఇంటిపేరూ స్టువర్టే కావడం కాకతాళీయం. ఒక స్టువర్ట్ పేరు మీద పుట్టుకను బట్టి మనుషులను కట్టడి చేసిన ఊరు వెలిసింది. ఇంకో స్టువర్ట్ పుట్టిపెరిగిన కథ వినడానికి కుర్చీలు జరిపించాడు.

కెనడా పార్లమెంటు 1996లో క్రిమినల్ కోడ్‌లో 718.2(ఇ) అనే క్లాజు చేర్చింది. జైలు కాని శిక్ష ఏదైనా సబబుగా ఉంటే ముందు దాన్ని చూడాలి, ఆదివాసీ ముద్దాయిల పరిస్థితుల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి అన్నది దాని సారం. ఆ క్లాజుకు అర్థం చెప్పిన కేసు జేమీ గ్లాడూది. బ్రిటిష్ కొలంబియాలోని నానైమోలో తన పంతొమ్మిదో పుట్టినరోజు రాత్రి, కలిసి బతుకుతున్న మగవాణ్ని పొడిచి చంపిందామె. మూడేళ్ల శిక్ష పడింది. పట్నంలో ఉంటోంది కాబట్టి ఆ క్లాజు ఈమెకు వర్తించదని కింది కోర్టు అంది. 1999 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ఆ మాట తప్పని తేల్చింది. పట్నంలో ఉన్నా, పల్లెలో ఉన్నా జడ్జి రెండు సంగతులు చూడాలంది. మొదటిది, ఈ మనిషిని కోర్టు దాకా తెచ్చిన వెనుకటి బతుకు. రెండోది, ఈ మనిషి తెగకు, సంప్రదాయానికి తగిన దిద్దుబాటు.

చిత్రమేమిటంటే జేమీ గ్లాడూ శిక్ష మాత్రం తగ్గలేదు. నేరం తీవ్రమైనదని మూడేళ్లనే ఖాయం చేశారు. ‘గ్లాడూ సూత్రం’ అంటే తెగ పేరు చెబితే తగ్గింపు అనుకునేవాళ్లకు గ్లాడూ కేసే జవాబు. 2012లో ఇపీలీ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. వలసపాలన, చర్చి బడులు, ఊళ్లు ఖాళీ చేయించడం వంటి చరిత్రను జడ్జి తనంతట తానే గుర్తించాలి. ఆ చరిత్రే నీ నేరానికి నేరుగా కారణమైందని నిరూపించు అని ముద్దాయిని అడగకూడదు.

తీర్పు తర్వాత పని మొదలైంది. టొరంటోలో 2001లో గ్లాడూ కోర్టు పెట్టారు. అబోరిజినల్ లీగల్ సర్వీసెస్ సంస్థ ముద్దాయి జీవితం మీద నివేదికలు తయారుచేయసాగింది. వాటికి గ్లాడూ రిపోర్టులని పేరు పడింది. అమ్మమ్మ దగ్గర కూర్చోవాలి, తెగకు కేటాయించిన రిజర్వుకు పోవాలి, ఏ బడి, ఏ ఊరు, ఎవరు ఎప్పుడు పోయారు అన్నీ కనుక్కోవాలి. 2015లో చర్చి బడుల చరిత్రను విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ ఇచ్చిన 94 పిలుపుల్లో 28వది లా కాలేజీలకే. ఆదివాసులూ చట్టమూ అన్న పాఠం ప్రతి విద్యార్థీ చదవాలంది. పుస్తకంలో చదివితే సరిపోయే పాఠం కాదిది. అందుకే వాంకూవర్ పేదల పేటలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నడిపే ఆదివాసీ లీగల్ క్లినిక్‌లో విద్యార్థులు నిజమైన కేసుల మీదే కూర్చుంటారు. టొరంటోలోని ఓస్‌గుడ్ హాల్ లా స్కూల్ తన విద్యార్థులను ఒక సెమిస్టరు భాగం ఆదివాసీ సంస్థల్లో పనికి పంపుతుంది.

నోట్‌బుక్కుతో బయల్దేరిన పిల్లలు

మన దగ్గర లా విద్యార్థిని ఊళ్లోకి పంపాలన్న ఆలోచన వెనుక కూడా కృష్ణయ్యరే కనిపిస్తారు. ఆయన అధ్యక్షతన న్యాయసహాయ నిపుణుల సంఘం 1973లో ఇచ్చిన నివేదిక, పేదవాడికి చట్టం అందించే పనిలో లా కాలేజీలకు చోటివ్వాలంది. మరుసటి ఏడాదే అనమ్మ తీర్పు. మనిషి కథ కోర్టుకు చేరాలన్న తలంపు, ఆ కథ తెచ్చే చేతులు విద్యార్థులవి కావచ్చన్న తలంపు ఒకే మనిషి నుంచి ఏడాది తేడాతో వచ్చాయి. రెండూ ఒకచోట కలవడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఆ నలభై ఏళ్లలో పునాదులు పడ్డాయి. మాధవ మేనన్ 1987లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్ మొదలుపెట్టి, కేసుల మీద పనిచేస్తూ నేర్చుకునే క్లినికల్ చదువును పాఠ్యంలో భాగం చేశారు. బార్ కౌన్సిల్ 1997లో ప్రాక్టికల్ పేపర్లు తప్పనిసరి చేసింది. 2008 నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లకు 12 వారాలు, అయిదేళ్ల వాళ్లకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలి. హైదరాబాద్‌కు 1998లో నల్సార్ వచ్చింది. అయితే చాలాచోట్ల ఇంటర్న్‌షిప్ అంటే పెద్ద వకీలు వెనకాల ఫైళ్లు మోయడం, చివర్లో సర్టిఫికెట్ తెచ్చుకోవడంగానే మిగిలింది.

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో అనూప్ సురేంద్రనాథ్ నాయకత్వంలో 2013లో మొదలైన పని దాన్ని మార్చింది. దేశంలో ఉరిశిక్ష పడినవాళ్లు ఎవరు? జైలుకు పోయి వాళ్లతోనూ, ఇంటికి పోయి వాళ్లవాళ్లతోనూ మాట్లాడుదామని విద్యార్థులు రాష్ట్రాలకు రాష్ట్రాలు తిరిగారు. 2016 మేలో నివేదిక వచ్చింది. మొత్తం 385 మందిలో 373 మంది వివరాలు అందులో చేరాయి. నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా నలిగిపోయినవాళ్లు. వెనుకబడిన కులాలు, దళితులు, ఆదివాసులు, మత మైనారిటీలు కలిపితే 76 శాతం. లెక్క కన్నా పెద్ద సంగతి ఇంకొకటి బయటపడింది. ఆ జీవితాల్లో ఎన్నో సంగతులు ఏ కోర్టు ముందుకూ రాలేదు. విద్యార్థికి దొరికిన కథ కేసు ఫైలులో లేదు.

అక్కడి నుంచి ఆ బృందం లెక్కలు తీయడం దాటి, శిక్ష తగ్గింపు పరిశోధన అనే పనిలోకి దిగింది. ప్రాజెక్ట్ 39ఏ పేరుతో పిలిచిన ఆ సంస్థ చేసిన పని చూస్తే గ్లాడూ రిపోర్టుకు చుట్టమే. 2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని దాదాపు నియమంగా మార్చింది. ఉరి అడిగే కేసుల్లో ముద్దాయి వయసు, కుటుంబం, చదువు, సంపాదన, మానసిక స్థితి, జైల్లో నడవడిక అన్నీ విచారణ కోర్టు దశలోనే తెప్పించుకోవాలంది. 2025లో ఆ బృందం ఢిల్లీ నుంచి కదిలి, శామీర్‌పేటలోని నల్సార్‌లో స్క్వేర్ సర్కిల్ క్లినిక్‌గా స్థిరపడింది. అనమ్మ కేసుతో తెలుగు నేల నుంచి బయల్దేరిన ప్రశ్న యాభై ఏళ్లు దేశం తిరిగి మళ్లీ తెలుగు నేలకే వచ్చింది.

ఒక్కసారి అడిగితే చెప్పరు

ఈ పనిని దగ్గర నుంచి చూస్తే అందులో చట్టం కన్నా ఓపిక ఎక్కువ. మొదటి ములాఖత్‌లో నేరం ఊసే ఎత్తకూడదు. ‘ఎట్ల పెరిగినవ్ బిడ్డా?’ అనడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘మంచిగనే పెరిగినం సార్.’ ఆకలిని, దెబ్బలను, తాగుబోతు తండ్రిని పరాయివాడి ముందు పరిచి చూపడానికి ఎవరికి మనసొప్పుతుంది? రెండోసారి, మూడోసారి పోవాలి. తల్లి దగ్గర కూర్చోవాలి. అక్క చెప్పిన ఏడాదికీ తమ్ముడు చెప్పిన ఏడాదికీ పొంతన లేకపోతే బడి రిజిస్టరు చూడాలి. ఆరో తరగతిలో పేరు కొట్టేశారంటే ఆ నెలలో ఇంట్లో ఏమైందో కనుక్కోవాలి. ఆస్పత్రి చీటీ, రేషన్ కార్డు, వలసపోయినచోట మేస్త్రీ, చిన్నప్పటి పంతులు, అందరూ సాక్షులే. తలకు తగిలిన పాత దెబ్బ, పసితనంలో వచ్చిన మెదడు జ్వరం లాంటివి డాక్టరుకు చూపించాలి. అంతా అయ్యాక పుట్టుక నుంచి నేరం దాకా ఏడాదికేడాది గీత గీయాలి.

భాష ఇంకో గండం. గోండీలో, గోర్‌బోలిలో తల్లి చెప్పే మాట తెలుగులోకి, తెలుగు నుంచి కోర్టు ఇంగ్లిషులోకి మారేసరికి బరువు జారిపోతుంది. దుబాసీగా ఎవరిని పెట్టుకోవాలన్నదీ ఆలోచించాలి. ఊరి పెద్దను పెట్టుకుంటే ఆడకూతురు నోరు విప్పదు.

చనిపోయినవాళ్ల ఇల్లు కూడా అదే మండలంలో ఉంటుంది. ఆ గడప ముందు నుంచే నడిచి ముద్దాయి ఇంటికి పోతాడు విద్యార్థి. ఈ కథలన్నీ నేరాన్ని తుడిచేయవని అతనికి ఆ నడకలో తెలుస్తుంది. క్లాసులో ఎన్ని పుటలు చదివినా అబ్బని జ్ఞానమది. రేపు అతను ప్రాసిక్యూటరైనా, జడ్జి అయినా అది వెంటే ఉంటుంది.

బిచ్కుంద కోర్టు మెట్ల దాకా

ఇంతవరకూ వచ్చిన దారి ఉరి కేసుల దగ్గర ఆగిపోయింది. ఏడాదిలో కొద్దిమంది కోసం ఇంత శ్రమ నడుస్తోంది. డోంగ్లి మనిషి బిచ్కుంద కోర్టుకో, బాన్సువాడ కోర్టుకో పోయేది అలాంటి కేసులకు కాదు. గట్టు తగాదాలో దెబ్బలాట, సారా కేసు, చిన్న దొంగతనం. ఆరు నెలలో, ఏడాదో పడుతుంది. ఆ ఏడాదిలో కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది, పిల్ల బడి మానేస్తుంది. అక్కడ వెనుకటి బతుకు గురించి అడిగేవాళ్లు లేరు.

అడగడానికి చట్టం అడ్డం లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. ఇరవై ఒకటి నిండని వాణ్ని జైలుకు పంపేముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలని దాని ఆరో సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. చెరువు గట్టు వేయాలో, బడి గోడ కట్టాలో తేల్చాలంటే ఆ ఊరేమిటో, ఆ మనిషేమిటో తెలియాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ తన ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకోవచ్చని 1996 నాటి పెసా చట్టం అంటోంది. డోంగ్లి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, కానీ ఇక్కడి తండాలో నాయక్ మాటకు ఇవాళ్టికీ విలువుంది.

డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. అక్కడ చదివే పిల్లల్లో తండాల నుంచి, గూడేల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఇంటర్న్‌షిప్ కోసం సుప్రీంకోర్టు దాకా పోలేని ఆ పిల్లలకు ఢిల్లీ వకీలుకు లేని ఆస్తి ఒకటుంది: అమ్మభాష. మంజీర ఒడ్డు మేజిస్ట్రేటు కోర్టులో ఒక్కో కేసుకు మూడు పుటల జీవిత నివేదిక రాయడం వాళ్ల 12 వారాల పనిగా పెడితే, న్యాయ సేవాధికార సంస్థ దానికి చోటిస్తే, కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

కెనడాకూ మనకూ ఒక తేడా మిగిలే ఉంది. అక్కడ తెగ చరిత్రను కోర్టు తనంతట తానే గుర్తిస్తుంది. ఇక్కడ ప్రతి మనిషీ తన కథను తనే మొదటి నుంచి నిరూపించుకోవాలి. సరిహద్దు అవతలి ఆ వియ్యంకుడి తాత వేలిముద్రలు ఏ పోలీసు రిజిస్టరులో ఉండేవో, ఆ భయంతో ఆ ఇల్లు ఎన్ని ఊళ్లు మారిందో ఈవలి కోర్టుకు ఎవరు చెప్పాలి? సర్కారు రిజిస్టరు ఒకప్పుడు రాసుకున్న సంగతే కదా అది.

నూరేళ్ల కింద కోర్టు ‘ఏ కులం?’ అని అడిగింది, జవాబు వినగానే లెక్క కట్టుకుంది. ఇవాళ తండాలోకి నడిచిపోయే విద్యార్థి అడిగేదీ పుట్టుక గురించే. అడిగి అక్కడే చాప మీద కూర్చుంటాడు. ముసలామె చాయ్ పెట్టేదాకా, పెట్టి ఎదురుగా కూర్చుని, ‘మంచిగనే పెరిగినం’ అన్న మాట దాటి రెండో మాట ఎత్తేదాకా అతను లేవకూడదు.